నాకు బంతి అందించిన అమ్మాయి

మిర్యాలగూడలో మా అమ్మ పనిచేసిన మిల్లులో పొద్దున్నే ఆవిరి లేచేది. నానబెట్టిన వడ్లను ఉడికించి, వేడివేడిగా సిమెంటు గచ్చు మీద కుమ్మరించేవాళ్లు. ఆ కుప్పల నుంచి తెల్లటి ఆవిరి పైకి లేచి, పనిచేసే ఆడవాళ్లను నడుము దాకా కప్పేసేది. గేటు దగ్గర నిలబడి చూస్తే కాళ్లు లేని మనుషులు గాలిలో తేలుతూ అటూ ఇటూ తిరుగుతున్నట్టు ఉండేది. తలకు చుట్టుకున్న ఆకుపచ్చ తువ్వాలను బట్టి అమ్మను గుర్తుపట్టేదాన్ని. ఎండ ముదిరాక ఆవిరి పోయి అందరికీ కాళ్లు వచ్చేవి. అప్పుడు వాళ్లు వరసగా నడుస్తూ పాదాలతో వడ్లలో చాళ్లు తీసేవాళ్లు.

ఆ తర్వాత నేను చాలా నేలల మీద పరుగెత్తాను. పాలిష్ పెట్టిన చెక్క నేలలు, రబ్బరు నేలలు, అద్దంలా నా ముఖం నాకే చూపించిన నేలలు. కానీ ఇప్పటికీ నిద్రలో నేను పరుగెత్తేది ఆ గచ్చు మీదే. కాలికింద వేడిగా, కొంచెం తడిగా ఉంటుంది. ఎదురుగా ఎవరూ కనిపించరు. బంతి చప్పుడు మాత్రం వినిపిస్తూ ఉంటుంది.

పద్నాలుగేళ్లు బాస్కెట్‌బాల్ ఆడి బతికాను. దేశం జెర్సీ వేసుకున్నాను. పరాయి దేశంలో ఒక క్లబ్బు నాతో కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంది. పేపర్లలో నా పేరు ముందు 'స్టార్' అని రాసేవాళ్లు. ఆ మాట చదివినప్పుడల్లా, ఇది ఎవరో ఇంకో అమ్మాయి సంగతి అనిపించేది. ఆ అనుమానంలో కొంత నిజం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

పదమూడేళ్లకే నేను అమ్మకంటే జానెడు పొడుగు. బడిలో ఫొటో తీస్తే చివరన నిలబెట్టేవాళ్లు. వీధిలో నడిచేటప్పుడు భుజాలు ముందుకు వంచి, మెడ లోపలికి లాక్కుని నడిచేదాన్ని. ఆ ఏడాది జిల్లా ఆటల పోటీలు మా ఊళ్లో జరిగాయి. నేను ఖోఖోలో ఉన్నాను. ఖోఖో నాకు రాదు. వరసలో కూర్చుని, నా వీపు మీద ఎవరూ చెయ్యి వేయకూడదని కోరుకుంటూ ఉండగా, పక్క మైదానం నుంచి ఒక వాలీబాల్ మా మీదికి దూసుకొచ్చింది. పిల్లలంతా తలలు దాచుకున్నారు. నేను లేచి ఒంటిచేత్తో దాన్ని గాలిలోనే పట్టుకుని, వచ్చిన వైపే విసిరేసి మళ్లీ కూర్చున్నాను.

అది ఒకావిడ చూసింది. సూర్యాపేటలో ఆడపిల్లల హాస్టల్ బడిలో ఆటల టీచరు ఆమె. అందరూ ఆమెను మేడం అనే పిలిచేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను, చివరిదాకా. ఆ సాయంత్రమే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అమ్మ ఇంకా పనిలోనే ఉందని తెలిసి మిల్లు గేటు దగ్గరికి నడిచి వచ్చింది.

"మీ బిడ్డను నాతోని సూర్యాపేట పంపుతరా? బాస్కెట్‌బాల్ నేర్పిస్త," అంది.

అమ్మ తువ్వాలు విప్పి ముఖం తుడుచుకుంది. "గా ఆట ఆడితే ఏమొస్తది మేడం?"

"ఇంకింత పొడుగైతది."

"అయితే వద్దు మేడం. ఇప్పటికే దర్వాజ తలకు తగుల్తున్నది."

మేడం గట్టిగా నవ్వింది. అమ్మ నవ్వలేదు, ఆమె నిజంగానే అంది. మేడం నవ్వు ఆపుకుని చెప్పింది, "మూడు పూటల తిండి, సదువు, ఆట. సెలవులకు నేనే తోలుకొస్త. మీకు సూడబుద్ధైతే ఎప్పుడన్న రండ్రి."

అమ్మ నా వైపు తిరిగింది. "పోతవా బిడ్డా?"

నేను తల ఊపాను. బాస్కెట్‌బాల్ అంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు. పొడుగ్గా ఉండడం తప్పు కాని చోటు ఒకటి ఉందని మాత్రం అర్థమైంది. నాన్న లారీ మీద ఒడిశా వైపు పోయి ఉన్నాడు. ఆయన వచ్చేసరికి నేను ఇంట్లో లేను.

సూర్యాపేటలో మా కోర్టు హైవేకి దగ్గర్లో ఉండేది. తెల్లవారకముందే లేచి వెళితే, మంచులో లారీల లైట్లు మసక పసుపు ముద్దల్లా ఒకదాని వెనక ఒకటి కదిలిపోయేవి. వాటిలో ఏదో ఒకటి నాన్న బండి అనుకునేదాన్ని. కోర్టు మీద గీతలు ఎప్పుడూ సగం చెరిగిపోయి ఉండేవి, మేడం సోమవారం సోమవారం వాటిని సున్నంతో మళ్లీ గీసేది. ఆదివారాలు చర్చి నుంచి నేరుగా వచ్చి, తెల్లచీర కొంగు నడుముకు దోపుకుని, చెప్పులు విడిచి మాకు షాట్ వేయడం చూపించేది. నా భుజాల వంపు పోగొట్టడానికి ఆమెకు రెండేళ్లు పట్టింది. వెనక నుంచి వచ్చి రెండు బొటనవేళ్లతో నా రెక్కల మధ్య నొక్కేది. "ఆకాశం నీకే దగ్గర. సిగ్గెందుకే?" అనేది.

నేను చేరిన వారంలోనే ఇంకో అమ్మాయి చేరింది. కోదాడ నుంచి వచ్చింది. వాళ్లకు సాగర్ కాలువ కింద పొలాలు, టౌన్లో ఎరువుల దుకాణం ఉన్నాయి. నేను బస్సులో ట్రంకు పెట్టెతో వచ్చాను, ఆమె కారులో వచ్చింది. పొట్టిగా, గుండ్రంగా, రెండు జడలు మడిచి కట్టుకుని ఉండేది. నేను ఆమెను కోదాడ పిల్ల అనేదాన్ని. ఇప్పటికీ నా మనసులో ఆమె పేరు అదే.

నాతో ఆమె అన్న మొదటి మాట, "ఏంటే అలా చూస్తున్నావు? బంతి పట్టుకో."

"పట్టుకుంటగని, జర మెల్లగ ఇయ్యి."

"జర ఏంటి? ఇయ్యి ఏంటి?" అని నేల మీద కూర్చుని మరీ నవ్వింది. నాకు కోపం వచ్చింది. నెల తిరిగేసరికి ఆమె అందరితో "జర ఆగవే" అంటోంది, నేను "ఏంటే" అంటున్నాను. సెలవులకు ఇంటికి వెళితే అమ్మ నన్ను చూసి, "ఆంధ్ర మాటలెప్పుడు నేర్సినవే?" అని ఆశ్చర్యపోయింది.

ఆమె బంతి ఇచ్చే తీరు గురించి ఎలా చెప్పాలో ఇప్పటికీ నాకు తెలియదు. నా వైపు చూసేది కాదు. ఎటో చూస్తూ, ఎవరితోనో మాట్లాడబోతున్నట్టు ముఖం పెట్టి, చేతుల్లోంచి బంతిని వదిలేసేది. నేను అటు పోదామా అని ఇంకా అనుకుంటూ ఉండగానే బంతి అక్కడ ఉండేది. ఇక నేను వెళ్లక తప్పేది కాదు. ఒకరోజు పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటూ అడిగాను, "నేను ఎటు పోతనో నీకెట్ల తెలుస్తదే?"

"పరుగెత్తే ముందు ఎడమ భుజం కొంచెం దించుతావు. నీకు తెలీదా?"

నాకు తెలియదు. అంతకుముందు ఎవరూ నన్ను అంత శ్రద్ధగా చూడలేదు. ఆ రోజంతా నా ఎడమ భుజం నాకు కొత్తగా అనిపించింది.

మేము మూడేళ్లు కలిసి ఆడాం. ఆ మూడేళ్లలో రోజులు వేరువేరుగా గుర్తులేవు. అన్నీ కలిసిపోయి ఒకే పొడవాటి తెల్లవారుజాములా ఉన్నాయి. బంతి నా వేళ్ల చివర నుంచి జారిపోయాక, వల కదిలే చప్పుడు వినబడేలోపు ఒక నిశ్శబ్దం ఉండేది. చెరువులో మునిగినప్పుడు చెవుల్లో ఉండే నిశ్శబ్దం లాంటిది. అందులో నేను ఒక్కదాన్నే ఉంటానని అనుకునేదాన్ని. ఆమె కూడా అందులోనే ఉండేది, కొంచెం వెనకగా.

ఆ మూడేళ్ల చివర రాష్ట్ర స్థాయి పోటీల్లో ఫైనల్ దాకా వెళ్లాం. చివరి నిమిషంలో ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి అవతలి జట్టు చేతిలో ఉంది. కోదాడ పిల్ల ఎలా దూరిందో తెలియదు, ఇద్దరి మధ్య నుంచి పాకినట్టు వెళ్లి బంతి లాక్కుంది. పడిపోతూ, నేల మీద నుంచే నా వైపు తోసింది. నేను చేసింది చేతులు పైకి లేపడమే. బంతి బోర్డుకు తగిలి రింగులోకి జారింది. విజిల్ మోగింది. అందరూ నా మీద పడ్డారు. ఆమె రెండు మోచేతులూ గీరుకుపోయి, నేల మీదే వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తూ నవ్వుతోంది.

మర్నాడు పేపర్లో నా ఫొటో వచ్చింది, గాలిలో ఉన్నది. కింద మూలన ఒక చెయ్యి మాత్రం కనిపిస్తుంది. అది ఆమెది.

వారం తర్వాత సూర్యాపేటలో మాకు సన్మానం చేశారు. శాలువాలు కప్పారు, పూలదండలు వేశారు. వేదిక మీద ఒక పెద్దమనిషి నా చేతికి మైకు ఇచ్చి, "ఈ గెలుపు ఎనక ఎవరున్నరో చెప్పు బిడ్డా," అన్నాడు. నేను అంతకుముందు మైకు పట్టుకోలేదు. "మా అమ్మ, మా మేడం, దేవుడు," అన్నాను. చప్పట్లు కొట్టారు. కోదాడ పిల్ల మూడో వరసలో వాళ్ల నాన్న పక్కన కూర్చుని ఉంది. ఆమె కూడా చప్పట్లు కొట్టింది.

ఆ ఎండాకాలంలోనే ఆమె ఆట మానేసింది. హాస్టల్ ఖాళీ చేసి, నాకు చుట్టుదారైనా, మేమిద్దరం ఒకే బస్సులో కోదాడ దాకా వెళ్లాం. నేను అక్కడ దిగి హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయే బస్సు ఎక్కాలి. బస్టాండులో బెంచీ మీద కూర్చుని చెప్పింది.

"విజయవాడలో ఇంటర్‌లో చేర్పిస్తున్నారే. డాక్టర్ సీటుకి కోచింగ్ కూడా అక్కడే."

"మరి ఆట?"

"సెలవులకు ఆడదాంలే."

వాళ్ల నాన్న కారు వచ్చి ఆగింది. ఆయన నన్ను చూసి తల మాత్రం ఊపాడు. ఆమె వెళ్లి ముందు సీట్లో కూర్చుంది. చెయ్యి ఊపుతుందేమో అని చూశాను. ఊపలేదు. సెలవులకు వస్తుందని నమ్మాను కాబట్టి ఏడవలేదు. ఆమె రాలేదు. రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. తర్వాత నేనూ ఊరుకున్నాను.

అక్కడి నుంచి నా బతుకు చాలా వేగంగా నడిచింది. ఎవరో తోస్తుంటే మెట్లు దిగినట్టు ఉండేది, పైకి ఎక్కుతున్నానని అందరూ అంటున్నా సరే. ఆటల కోటాలో హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. పొద్దున సంతకం పెట్టి, మిగతా రోజంతా ఆడడమే ఉద్యోగం. ఆ ఉద్యోగం వచ్చాక అమ్మ చేత మిల్లు పని మాన్పించాను. దేశం జట్టు శిబిరానికి పిలిచారు. మొదటిసారి ఆ నీలం జెర్సీ వేసుకుని అద్దం ముందు నిలబడి, వీపు మీద నా పేరు చూసుకోవడానికి ఎంత తిరిగినా కనిపించలేదు. పక్కనున్న అమ్మాయిని చదవమని అడిగాను. ఆమె అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది.

అప్పుడే థాయ్‌లాండ్‌లో ఒక క్లబ్బు పిలిచింది. ఏడాదిలో నాలుగు నెలలు అక్కడ, మిగతాది ఇక్కడ. ఆ నాలుగు నెలలు పూర్తిగా కలే. మాట అర్థమయ్యేది కాదు. అందరూ నవ్వుతూ చేతులు జోడించేవాళ్లు. మ్యాచ్‌లకు బస్సులో వెళుతుంటే రెండువైపులా వరి పొలాలు, కాలువలు, కొంగలు. నిద్రమత్తులో కళ్లు తెరిస్తే మా ఊరి దారిలోని పాలకీడు దాటుతున్నామా అనిపించేది. ఒకచోట రోడ్డు పక్కన మిల్లు కనిపించింది, వడ్ల వాసన బస్సులోకి వచ్చింది. నేను లేచి కిటికీకి ముఖం ఆనించి చూశాను. పక్క సీటు అమ్మాయి, అమెరికా నుంచి వచ్చి ఆడేది, ఏమైందని అడిగింది. మా ఊరు అన్నాను. ఆమె నమ్మినట్టు తల ఊపింది.

అక్కడ నేను బాగా ఆడాను. గోడల మీద నా బొమ్మ వేశారు. చిన్నపిల్లలు చేతుల మీద సంతకాలు పెట్టించుకునేవాళ్లు. కానీ ఆటలో ఒకటి లోటుగా ఉండేది. అక్కడ నాకు బంతి ఇచ్చేవాళ్లు మంచి ఆటగాళ్లే. నేను అడిగిన చోటికి ఇచ్చేవాళ్లు. అడగని చోటికి మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

ఆరో ఏడాది ఒక మామూలు మ్యాచ్‌లో, ఎవరూ తగలకుండానే, నేను ఎగిరి దిగాను. కుడి మోకాలి లోపల ఎండుపుల్ల విరిగిన చప్పుడు అయింది. నొప్పి తర్వాత వచ్చింది, ముందు చప్పుడే వచ్చింది. పైకప్పు లైట్లు చూస్తూ పడుకున్నాను. అంత హడావుడిలోనూ చాలా ప్రశాంతంగా అనిపించింది, ఇక లేవక్కర్లేదు కదా అని.

హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. క్లబ్బు నుంచి రెండు లైన్ల మెయిల్ వచ్చింది, నా సేవలకు కృతజ్ఞతలు అని. నేను సెలవు పెట్టి మిర్యాలగూడ వచ్చేశాను. అప్పటికి మిల్లులో వడ్లు ఆరబెట్టే యంత్రాలు వచ్చేశాయి, గచ్చు మీద లారీలు నిలబెడుతున్నారు. అమ్మ నా కాలికి వేడినీళ్ల కాపడం పెట్టి, "గింత మోకాలి బొక్క కోసం గంత పెద్ద దవాఖాననా," అని గొణిగేది.

కాలువలో నీళ్లు వదిలే రోజులవి. చదును నేల మీద నడవమని డాక్టర్ చెప్పాడు. రోజూ పొద్దున అమ్మా నేనూ ఆటోలో కాలువ కట్టకు వెళ్లి నడిచేవాళ్లం. అమ్మ గొడుగు పట్టుకుని నా కంటే రెండడుగులు వెనక వచ్చేది. నీళ్లు నిండుగా, చప్పుడు లేకుండా, ఎర్రగా పోతుండేవి. వాటినే చూస్తూ నడిస్తే నీళ్లు ఆగిపోయి నేనే జరిగిపోతున్నట్టు ఉండేది.

ఒకరోజు కట్ట మీద ఒక కారు వచ్చి ఆగింది. ఒకావిడ దిగింది. పొట్టిగా, గుండ్రంగా, చేతిలో దానిమ్మ పళ్ల సంచితో. నడక చూసి గుర్తుపట్టాను.

"లావైనవే," అన్నాను. పదిహేనేళ్ల తర్వాత నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది.

"నువ్వు కుంటుతున్నావు కదే," అంది కోదాడ పిల్ల.

అమ్మకు నమస్కారం పెట్టి, పళ్లు ఇచ్చి, నా పక్కన నడిచింది. నా దెబ్బ సంగతి పేపర్లో చదివిందట. మెడిసిన్ సీటు కోసం రెండుసార్లు రాసిందట, రాలేదు. డిగ్రీ చేసింది, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. నాన్నకు పక్షవాతం వచ్చాక ఎరువుల దుకాణం తనే చూసుకుంటోంది. ఇవన్నీ ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పింది. ఇద్దరం కట్ట మీద కూర్చున్నాం.

"నీ ఆట ఒక్కటి కూడా చూడలేదే నేను," అంది. "టీవీలో వస్తే ఛానల్ మార్చేసేదాన్ని. నువ్వు నాకు తెలుసని మా పిల్లలకు కూడా చెప్పలేదు."

"ఎందుకే?"

"కోపం." మట్టిపెళ్ల ఒకటి తీసి నీళ్లలోకి విసిరింది. "సూర్యాపేటలో సన్మానం చేశారు, గుర్తుందా? నీకు మైకిచ్చారు."

గుర్తుంది. ఆమె ఏం చెప్పబోతోందో అప్పుడే తెలిసిపోయింది. ఎన్నేళ్లుగానో తెలుసేమో కూడా.

"ఆ రోజు కార్లో వస్తుంటే మా నాన్న అడిగాడు. 'నువ్వూ ఆడావంటివి కదమ్మా, నీ పేరు ఎక్కడా వినపడలేదేంటి' అని. పేపర్లో లేదు, మైకులో లేదు. బంతి నేనే అందించాను నాన్నా అన్నాను. 'ఇచ్చేస్తే ఇంక నీకేం మిగిలింది' అన్నాడు. తర్వాత నెలకే విజయవాడ."

నీళ్లు పోతూనే ఉన్నాయి. నేను అడిగాను, "నేను ఆనాడు నీ పేరు చెప్పుంటే, మీ నాన్న నిన్ను ఆడనిచ్చేటోడా?"

ఇంకో మట్టిపెళ్ల తీసి వేళ్లతో నలిపింది. "తెలీదే. ఆపేవాడేమో. కాలేజీ సంగతి ముందే అనుకుని ఉన్నాడేమో కూడా. కానీ నాన్న మీద కోపం పెట్టుకోలేను కదా, ఒకే ఇంట్లో ఉండాలి. నీ మీద పెట్టుకున్నాను. నువ్వు దూరంగా ఉన్నావు, తేలికైంది."

నేను అప్పుడు చెప్పాను. అంతకుముందు ఎవరికీ చెప్పని మాట. "భయానికి మర్సిపోయిన అనుకున్నవేమో. మర్సిపోలే. నీ పేరు నాలిక మీదనే ఉండె. అందరు నన్నొక్కదాన్నే సూస్తున్నరు, మంచిగనిపించింది. గా సంతోషం పంచుకోబుద్ధి కాలే. గందుకే చెప్పలే."

ఆమె నా వైపు చూడలేదు. ఎటో చూస్తూనే ఉంది. పమిట చెంగుతో ముక్కు తుడుచుకుంది. వెనక నుంచి అమ్మ కేకేసింది, "ఇద్దరు గాడనే కూసుంటరా? ఎండైతున్నది."

లేచేటప్పుడు ఆమె చెయ్యి పట్టుకుని లేపింది. "ఇంటర్వ్యూలు అడిగేటోళ్లు ఉన్నరు," అన్నాను. "ఇప్పుడన్న చెప్త."

"వద్దు. ఇప్పుడు చెప్తే నాకు శాలువా కప్పినట్టుంటుంది. కాలు బాగయ్యాక కోదాడ రా. నాతో ఆడు, చాలు."

ఆరు నెలలు పట్టింది. ఒక ఆదివారం పొద్దున అమ్మను వెంటబెట్టుకుని కోదాడ వెళ్లాను. నేను ఆడుతుంటే అమ్మ ఎన్నడూ చూడలేదు. మొదట్లో పని, తర్వాత దూరం, ఆ తర్వాత అలవాటు. అక్కడ ఒక కాలేజీ మైదానంలో పాత కోర్టు ఉంది. కోదాడ పిల్ల సల్వార్ మీద కొత్త బూట్లు వేసుకుని వచ్చింది. కాలేజీ అమ్మాయిలు నలుగురు ఉన్నారు. వాళ్లలో ముగ్గురు ఒకవైపు, మేమిద్దరం ఇంకో అమ్మాయితో కలిసి ఒకవైపు.

మొదటి పాస్ ఇచ్చింది. ఎటో చూస్తూ, అదే ముఖంతో. బంతి నాకు రెండడుగుల ముందు నుంచి పోయి గోడకు తగిలింది. పదిహేనేళ్ల కిందటి నేనైతే అక్కడ ఉండేదాన్ని. రెండోదీ అంతే. మూడోసారి ఆమె ఆగి నన్ను మొదటిసారి నేరుగా చూసింది, పైనుంచి కిందిదాకా, మోకాలి దగ్గర కాసేపు ఆగి. తర్వాత ఇచ్చిన బంతి తాపీగా, నేలను ఒకసారి తాకి, నా చేతుల్లోకి వచ్చింది. నేను వేశాను. వల లేని రింగులోంచి బంతి చప్పుడు లేకుండా కిందపడింది. ఆమె అప్పటికే వగరుస్తూ, నడుము పట్టుకుని నవ్వుతోంది.

అరగంట ఆడామేమో. ఎండ, వేపపూల వాసన, గేటు అవతల విజయవాడ బస్సుల చప్పుడు. అలసట ఎంత తియ్యగా ఉంటుందో మర్చిపోయాను అంతకాలం. ఓడిపోయాం కూడా.

మెట్ల మీద కూర్చున్న అమ్మ దగ్గరికి వెళితే, ఆమె చాలా ఆలోచనలో ఉంది. "బుట్టకు అడుగే లేదాయె," అంది. "గింత కష్టపడి ఏసుడు, అది కిందికే పడుడు. గిదేం ఆటనే?"

కోదాడ పిల్ల నవ్వి నవ్వి మెట్టు మీద కూలబడింది. అమ్మ ఆమె తల నిమిరింది. "నువ్వు మంచిగ ఆడుతున్నవ్ బిడ్డా. నీకు దొరికినదంత ఇంకొకలకిస్తున్నవ్. మా పిల్ల ఉట్టిగ నిలబడి అందుకుంటున్నది."

పద్నాలుగేళ్లలో నా ఆట గురించి పేపర్లు ఎన్నో రాశాయి. నియమాలేవీ తెలియని అమ్మ అరగంటలో చూసింది వాళ్లెవరికీ కనిపించలేదు. కోదాడ పిల్ల నవ్వు ఆగిపోయింది. అమ్మ చెయ్యి పట్టుకుని అలాగే కూర్చుంది. నేను నీళ్లు తెస్తానని చెప్పి పంపు దగ్గరికి వెళ్లి, కావలసినదానికంటే ఎక్కువసేపు ముఖం కడుక్కున్నాను.

ఆ తర్వాత మళ్లీ రెండేళ్లు ఆడాను, దేశం జట్టుకు కాదు, ఉద్యోగం ఇచ్చినవాళ్ల జట్టుకే. మునుపటిలా ఎగరలేను. దాంతో చూడడం మొదలుపెట్టాను. ఏ పిల్ల ఏ భుజం దించుతుందో, ఏ పిల్ల పరుగుకు ముందు కింది పెదవి కొరుకుతుందో. బంతి ఇవ్వడం నాకు ముప్పై ఏళ్లు దాటాక వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయిలు, "అక్కా, నువ్వు స్టార్‌వి కదా, నువ్వే వేయొచ్చుగా," అనేవాళ్లు. నాకు ఇందులోనే హాయిగా ఉందంటే నమ్మేవాళ్లు కాదు.

ఇప్పుడు సూర్యాపేటలో పిల్లలకు నేర్పిస్తున్నాను. మేడం రిటైరై, కొడుకు దగ్గర ఉంటోంది. ఫోన్ చేసి, గీతలు గీస్తున్నవా లేదా అని అడుగుతుంది. కోదాడ పిల్లతో నా స్నేహం పాతదానిలా లేదు. కొత్తగా పరిచయమైన ఇద్దరు నడివయసు ఆడవాళ్ల స్నేహంలా ఉంది, కొంచెం జాగ్రత్తగా, కొంచెం మర్యాదగా. నెలకోసారి మాట్లాడుకుంటాం. కొన్నిసార్లు ఇద్దరిలో ఎవరో ఒకరం మాట మధ్యలో ఆగిపోతాం. అప్పుడు ఆమె ఎరువుల ధరల గురించో పిల్లల పరీక్షల గురించో అందుకుంటుంది.

నా చివరి మ్యాచ్ సికింద్రాబాద్‌లో జరిగింది. చివరిదని నాకూ కోచ్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. చివరి నాలుగు నిమిషాలు నన్ను దింపారు. రెండు పాస్‌లు ఇచ్చాను, ఒకటి పనికొచ్చింది. ఓడిపోయాం. స్నానం చేసి, పిల్లలతో కలిసి బిర్యానీ తిని పడుకున్నాను. మర్నాడు పొద్దున రైలెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. నల్లగొండ దాటడం గుర్తుంది. ఆ తర్వాత పొలాలు, రాళ్ల గుట్టలు, కిటికీలోంచి వచ్చే వేడిగాలి అన్నీ కలిసి మెత్తగా మూసుకున్నాయి.

కింద ఇనుము మోగుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. రైలు వంతెన మీద ఉంది. రెండువైపులా కృష్ణ, వెడల్పుగా, ఎండలో తెల్లగా. మిర్యాలగూడ ఎప్పుడో దాటిపోయింది. నాకు కంగారు రాలేదు. ఎక్కడికీ టైముకు చేరాల్సిన పనిలేదని అప్పుడే అర్థమైంది. నదికుడిలో దిగి, టీ కొనుక్కుని, ప్లాట్‌ఫాం మీద బెంచీ నీడలో కూర్చుని అమ్మకు ఫోన్ చేశాను.

"ఏడున్నవే? అన్నం సల్లారిపోతున్నది."

"నది దాటిన అమ్మా."

"నది దాటుడేంది? ఎందుకు దాటినవ్?"

"నిద్రపోయిన. మనూరు ఎప్పుడు పోయిందో తెల్వలే."

ఫోన్లో కుక్కర్ విజిల్ వినిపించింది.

"మంచిగ పట్టిందా నిద్ర?"

"పట్టిందమ్మా. మస్తు పట్టింది."

"అయితే ఇగ నిమ్మలంగ రా," అంది.